ఇషెన్ బైకే పదిహేడు ఫోన్లు

ఊరంతా పెద్దన్నలా 'బైకే' అని పిలిచే ఇషెన్‌కి ఎదుటి మనిషి మొహం కంటే ముందు చేతిలో ఫోను కనిపిస్తుంది. కొండల నడుమ ఉన్న నారిన్ ఊళ్ళో ఇద్దరు ఎదురుపడితే "మందా మనుషులూ క్షేమమేనా?" అని అడగడం తాతల నాటి మర్యాద. ఆయన మాత్రం "ఫోను ఏదీ? ఎన్నో వెర్షను? వీడియో ఆడుతోందా?" అంటాడు. జవాబు వచ్చేలోగా ఆ ఫోను ఆయన చేతిలో ఉంటుంది. మందా మనుషుల సంగతి తర్వాత, తీరికుంటే.

అందుకే ఆయన తెల్ల ఫెల్టు టోపీ, అదిమిన ఉన్నిది, దూరాన కనబడగానే బజారులో ఫోన్లన్నీ మాయమైపోయేవి. జేబులున్నవాళ్ళు జేబుల్లో దాచుకునేవాళ్ళు, లేనివాళ్ళు పిండి బస్తాల్లో కుక్కేవాళ్ళు. మాంసం కొట్టావిడ ఒకసారి కంగారులో తన ఫోనుని గొర్రె తల కింద తోసి, ఆ తలతో పాటే కాగితంలో చుట్టి అమ్మేసింది. కొన్నవాడు ఇంటికి వెళ్ళి పొయ్యి ముట్టిస్తుండగా గొర్రె తల మోగింది. వాడు ఆ రోజు నుంచి మాంసం మానేశాడని కొందరంటారు. నారిన్‌లో మాంసం మానేసిన మనిషంటే నమ్మడం కష్టమే అనుకోండి.

ట్రాఫిక్ పోలీసులు కూడా ఆయనకి లోకువే. ఒకసారి వంతెన దగ్గర ఒకతను కారు ఆపి, "కాగితాలు," అన్నాడు.

"ఫోను," అన్నాడు ఇషెన్ బైకే.

"నేనడిగింది కాగితాలు."

"నేనడిగింది ఫోను. అబ్బో, ఐఫోనే! బ్యాటరీ గుర్తు పసుప్పచ్చగా ఉందేం? పొదుపులో పెట్టావా? అలా పెడితే పేజీలో వీడియో తనంతట తను మొదలవదు తెలుసా?"

"అందుకేనా!" అన్నాడు పోలీసు. "మా ఆవిడ పంపినవన్నీ బొమ్మల్లా నిలబడిపోతుంటే ఆవిడకే పంపడం రాదని తిట్టానే!"

ఇరవై నిమిషాల తర్వాత అతను సెల్యూట్ కొట్టి, ఇంటికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. కాగితాల మాట ఇద్దరూ మరిచిపోయారు. మంచిదే అయింది, అవి ఇంట్లోనే ఉన్నాయి.

ఇవన్నీ పక్కన నిలబడి చూసింది సిర్గా. రెండేళ్ళుగా ఆయన కొట్లో పని చేస్తోంది. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి నడుము పడిపోవడంతో బడి ఆగింది. వెబ్ పేజీలు తయారు చేయడం ఆ కొట్టు కంప్యూటర్ మీద, చూసి చూసి నేర్చుకుంది. నోట్లోంచి మాట రావడమే కష్టం. రోజు మొత్తం మీద పది 'సరే'లు, రెండు 'టీ పెట్టనా'లు. దానివల్ల పనికేమీ ఇబ్బంది రాలేదు, మిగతా మాటలన్నీ ఇషెన్ బైకే మాట్లాడేవాడు.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. రైళ్ళ మీద సరుకు మోసే ఇనప పెట్టెకి నీలం రంగు వేసి బజారు వరసలో నిలబెట్టినది. గోడకి పాత ఫెల్టు తివాచీ. దానికి ఆయన భార్య పదిహేడు జేబులు కుట్టింది, జేబుకో ఫోను. నారిన్‌లో ఇప్పుడు విందు పిలుపులకి అచ్చు కార్డులు ఎవరికీ అక్కర్లేదు. ఫోనుకి ఒక లింకు వస్తుంది, నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, అందులో పిలుస్తున్నవాళ్ళ వీడియో, కింద తేదీ, చోటు. ఆ పేజీలు చేయడమే వాళ్ళ వృత్తి. ఏ పేజీ అయినా పదిహేడు జేబులూ దాటందే గడప దాటకూడదు.

"విను సిర్గా," అనేవాడాయన ఒక్కో ఫోనునీ బయటికి తీస్తూ. "ఐఫోను కొత్త కోడలు. ముసుగేసుకుని వంగి నిలబడుతుంది, వేలు పెట్టి తాకనిదే గొంతు విప్పదు. ఈ పాత ఐఫోను పెద్ద కోడలు. వీడియో అంటే చాలు, ఇల్లంతా తనదేనన్నట్టు తెర మొత్తం కప్పేస్తుంది. వెనకాల తేదీ ఉందో, చోటు ఉందో కనబడనివ్వదు. ఇక ఆండ్రాయిడంటావా, మన జాతిలోని నలభై తెగలే. జెండా ఒక్కటి, ఎవరి పొయ్యి వాళ్ళది. ఒకడికి గుర్రం వీడియో ఇస్తే పరిగెడుతుంది. ఇంకొకడికిస్తే అదే గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడిపోతుంది."

"వీటిలో ఏది మంచిది బైకే?"

"ఏ కోడలు మంచిదని నలుగురు కోడళ్ళున్న అత్తగారిని అడిగి చూడు, చెబుతుందేమో."

అలాంటి కొట్టుకి ఒక వేసవి పొద్దున సైరా ఎజే, అంటే సైరా అక్క, వచ్చింది. బస్టాండు దగ్గర ఆమెకి మంతీల హోటలుంది, మంతీలంటే మాంసం కూరిన ఆవిరి కుడుములు. మంతీలు ఎంత మెత్తనో గొంతు అంత గట్టి. వేడివేడిగా తయారయ్యాయని ఆమె కేక వేస్తే నదికి అవతలి గట్టున ఉన్నవాళ్ళు చేతులు కడుక్కునేవాళ్ళు. చిన్న కొడుకు ఎర్నిస్ పెళ్ళి పది రోజుల్లో ఉంది.

"పేజీ తెరవగానే గుర్రాలు పరిగెత్తాలి బైకే. డేగ ఎగరాలి. బంగారు అక్షరాలు రావాలి. వెంటనే నేను మాట్లాడాలి."

"వెంటనే నువ్వు మాట్లాడలేవు సైరా."

"నన్ను మాట్లాడకుండా ఆపినవాడు ఇంకా పుట్టలేదు. మా ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాడు."

"ఫోను ఆపుతుంది. మనిషి తాకనిదే శబ్దం రానివ్వదు. అది దాని చట్టం."

"ఎవరు పెట్టారా చట్టం?"

"ఫోను చేసినవాళ్ళు."

"వాళ్ళ నంబరివ్వండి, నేను మాట్లాడతాను."

నంబరు దొరకలేదు కాబట్టి వీడియో తీశారు. సైరా ఎజే తెల్ల తలపాగా చుట్టుకుని, కొండల ముందు నిలబడి, ముందు తన అన్నని పేరు పెట్టి, తర్వాత చుట్టాలందరినీ కడుపులోంచి పిలిచింది. సిర్గా రాత్రీపగలూ కూర్చుని పేజీ చేసింది. గుర్రాలు, డేగ, బంగారు అక్షరాలు అన్నీ కుదిరాయి. మొట్టమొదటిసారి ఒక పేజీ మొత్తం తన చేతుల మీదుగా చేసింది.

"బ్రహ్మాండం," అన్నాడు ఇషెన్ బైకే. "ఇక నాలుగు రోజులు పరీక్ష."

"నాలుగు రోజులా!" అంది సైరా ఎజే. "తొమ్మిదో నంబరు కొట్టువాడు గంటలో ఇచ్చేస్తానన్నాడు!"

"ఇస్తాడు. వాడు ఒక్క ఫోనులోనే చూస్తాడు, వాడి ఫోనులో. నీ చుట్టాలందరూ వాడి ఫోను చుట్టూ కూర్చుని చూస్తారా?"

మర్నాడు పశువుల డాక్టరు కొత్త ఫోను కొన్నాడని తెలిసి ఇషెన్ బైకే అటు పరుగెత్తిన సమయంలో సైరా ఎజే మళ్ళీ వచ్చింది. "ఒక్కసారి నా ఫోనుకి పంపవే బంగారం. నేనొక్కదాన్నే చూసుకుంటాను. దేవుడి మీద ఒట్టు." వద్దనడానికి సిర్గాకి ఒక మాట కావాలి. దానికంటే ముందు అలవాటైన 'సరే' బయటికొచ్చింది. లింకు పంపింది.

సైరా ఎజే ఒట్టు నిలబెట్టుకోవాలనే బయలుదేరింది. బజారు చివరికి వెళ్ళేసరికి అంత అందం ఒక్కతే దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. దగ్గరివాళ్ళకి, ముగ్గురంటే ముగ్గురికి, పంపింది. ముందుగా తన అన్న కిదిర్‌కి. పెళ్ళికొడుకు మేనమామ ఆయన, ఊరంతా తాయాకే అంటారు. మొదటి పిలుపు మేనమామకే వెళ్ళాలి. పెళ్ళిలో తలుపుకెదురుగా ఉన్న పెద్ద పీట ఆయనది. ఆయన చేతులెత్తి దీవించనిదే ఆ ఇంట్లో ఎవరూ రొట్టె తుంచరు.

మధ్యాహ్నానికల్లా ఫలితాలు రావడం మొదలైంది.

ముందు ఆడపడుచు ఫోన్ చేసింది, ఆమెది ఐఫోను. "ఏం వదినా, నన్ను పిలవడానికి గొంతు కూడా దండగనుకున్నావా? నోరు కదుపుతున్నావు, మాట లేదు. పిలుస్తున్నావో తిడుతున్నావో తెలియడం లేదు. పెదవులు చూస్తే తిడుతున్నట్టే ఉంది."

తర్వాత పెదనాన్న కొడుకు వచ్చాడు. ఫోన్ కాదు, మనిషే వచ్చాడు. వెంట భార్య, అయిదుగురు పిల్లలు, కానుకగా ఒక గొర్రె. అతని పాత ఐఫోనులో వీడియో తెరంతా కప్పేసింది, కింద ఉన్న తేదీ కనబడలేదు. సైరా అంత గట్టిగా పిలుస్తోందంటే ఈ రోజేననుకున్నాడు. "పెళ్ళెక్కడ?" అంటూ హోటల్లో కూర్చున్నారు. గొర్రె కూడా లోపలికొచ్చింది.

మంతీలు వడ్డిస్తూ ఆ తేదీ సంగతి చెబుతుండగానే వీధి చివర్నుంచి ఏడుపు వినిపించింది. చావింటికి వెళ్ళే మగవాళ్ళు వంద అడుగుల దూరం నుంచే గొంతెత్తి శోకం పెట్టుకుంటూ రావాలి, అది ఆచారం. గుర్రం మీద ముందుకు వంగిపోయి, కిదిర్ తాయాకే శోకం పెట్టుకుంటూ వస్తున్నాడు. "నా గుర్రప్పిల్లా! నా ఎర్నిస్! మామని వదిలి ఎటు పోయావురా!"

ఆ శోకానికి బస్టాండులో ఉన్నవాళ్ళంతా టోపీలు సర్దుకుని లేచి నిలబడ్డారు. ఇద్దరు ముసలివాళ్ళు అలవాటుకొద్దీ తామూ ఏడుపు అందుకున్నారు. ఎవరు పోయారో చూద్దామని నోట్లో సగం మంతీతో ఎర్నిస్ బయటికొచ్చాడు. "ఎవరు మామా? పాపం, ఎప్పుడు?"

తాయాకే గుర్రం మీదనుంచి జారి, జీను పట్టుకుని వేలాడాడు.

జరిగిందేమిటంటే, ఆయన ఫోనులో వీడియో అసలు తెరుచుకోలేదు. నల్లటి చతురస్రం ఒకటి, దాని కింద ఎర్నిస్ పేరు, ఒక తేదీ. అంతే వచ్చింది. నల్ల చట్రం కింద పేరు, తేదీ ఉంటే పేపర్లో ఆ ముక్కని ఏమంటారో నారిన్‌లో చదువురానివాడికి కూడా తెలుసు. ఆ తేదీ ఇంకా రానేలేదని చూసే ఓపిక ఏడ్చేవాడికెక్కడిది?

"బతికున్న మేనల్లుడికి నాచేత శోకం పెట్టించారు!" తాయాకే అరుపుకి గొర్రె బల్ల కిందకి దూరింది. "ఇన్ని ఊళ్ళు దాటుకుంటూ ఏడ్చుకుంటూ వచ్చాను! దారి పొడుగునా జనం ఓదార్చారు! ఒకావిడ రొట్టె కూడా ఇచ్చింది! ఈ పెళ్ళికి నేను రాను సైరా. నా గుర్రం కూడా రాదు."

సైరా ఎజే కొట్టులోకి వచ్చి ముక్కాలిపీట మీద కూలబడేసరికి ఇషెన్ బైకే తిరిగొచ్చి ఉన్నాడు. ఆమె గొంతు తగ్గిపోయింది. ఆమెకి చిన్న గొంతు ఉంటుందని సిర్గాకి అంతకుముందు తెలియదు. "ఉన్నది ఒక్కడే అన్న. ఆయన రాకపోతే ఎవరి ఎదుట పెళ్ళి చెయ్యను బైకే?"

తప్పు తనదని చెప్పాలని సిర్గా నోరు తెరిచింది. ఉద్యోగం పోతుందేమో, పోతే పోనీ అనుకుంది. కానీ ఇషెన్ బైకే ముందు అడిగేశాడు.

"తాయాకే ఫోను ఎన్నో వెర్షను?"

"అన్న రానంటుంటే వెర్షను అడుగుతారా!"

"అదే అడగాలి," అన్నాడాయన టోపీ పెట్టుకుంటూ. "సిర్గా, కంప్యూటర్ సంచిలో పెట్టు. రేపు పొద్దున్నే బయలుదేరుదాం."

తాయాకే పల్లె నది పైకి గంట ప్రయాణం. వేసవి కాబట్టి ఇంటి వెనక గుడారం వేసుకుని అందులోనే ఉంటున్నాడు. ఇషెన్ బైకే చొరవగా లోపలికి దూరిపోయాడు. సిర్గా బయటే నిలబడిపోయింది, ఎవరైనా రమ్మంటారేమోనని.

"ఎవరా బయట?" లోపల్నుంచి తాయాకే గొంతు. "ఎంతసేపు నిలబడతావు? తలుపు తనంతట తను లేవదు, నువ్వే చెయ్యి పెట్టి ఎత్తాలి!"

సిర్గా బరువైన ఫెల్టు తలుపుని ఎత్తి లోపలికి వచ్చింది. కోపంగా ఉన్నా అతిథులు అతిథులే కాబట్టి తాయాకే పులిసిన గుర్రంపాలు పోశాడు. మొహం మాత్రం గోడవైపు పెట్టుకున్నాడు.

"ఫోను ఏదీ తాయాకే?"

"ఫోను లేదు, ఏమీ లేదు."

"ఎన్నో వెర్షను?"

కాసేపటికి పరుపుల దొంతర కింద నుంచి అది బయటికొచ్చింది. అల్లుడు వాడి వదిలేసిన ఫోను, అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకి పగులు. తాయాకే దాన్ని చూపించీ చూపించనట్టు చాపాడు. "చూసి నవ్వుకోండి. అందరికీ వీడియో వచ్చిందట, మా చెల్లెలు మాట్లాడిందట. నాకు రాలేదు. ముసలాడికి నొక్కడం రాలేదనేగా ఊరంతా అనుకుంటోంది."

కోపం కంటే ఆయనకి సిగ్గే ఎక్కువగా ఉందని సిర్గాకి అప్పుడు అర్థమైంది.

ఇషెన్ బైకే ఆ ఫోనుని రెండు చేతులతో అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఎగిరి లేచాడు. గుడారం కర్రకి తల తగిలినా పట్టించుకోలేదు. "తాయాకే! ఈ ఫోను కోసం మూడేళ్ళుగా వెతుకుతున్నాను!"

"ఈ పగిలినదాని కోసమా?"

"పగులుకేం! నా దగ్గర పదిహేడున్నాయి, ఇది లేదు. దీనిలో చూడకుండా పేజీ బయటికి పోయింది. తప్పు మీది కాదు, ఫోనుది అసలే కాదు. నాది. మీ చేత శోకం పెట్టించింది నేనే. కావాలంటే గుర్రానికి కూడా క్షమాపణ చెబుతాను."

సైరా ఎజే ఒట్టు గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. లింకు పంపిందెవరో కూడా చెప్పలేదు. సిర్గా గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తి తలుపు వంక చూసింది.

"బైకే," అంది. "తలుపు పెడదాం."

"వేసే ఉందిగా."

"పేజీకి. తెరవగానే వీడియో వద్దు. ఈ గుడారం తలుపు బొమ్మ పెడదాం, మూసి ఉన్నట్టు. ఎత్తి లోపలికి రండి అని రాద్దాం. చుట్టాలు వేలు పెట్టి తలుపు ఎత్తుతారు. వేలు తగిలింది కాబట్టి ఐఫోను గొంతు విప్పుతుంది. తేదీ తలుపు మీదే రాస్తే పాత ఐఫోను కప్పేసే లోపలే చదివేసుకుంటారు. ఈ ఫోనులాంటి వాటికి వీడియోనే పంపొద్దు. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి, ఎజే గొంతు విడిగా చిన్న ముక్కగా. అది ఆడుతుంది. ఆడాలి."

ఇషెన్ బైకే కంప్యూటర్ సంచి ఆమె ముందుకి తోశాడు. రెండేళ్ళలో వెర్షను అడగకుండా ఆయన చేసిన మొదటి పని అదే.

"ఈ పిల్లకి మాటలొచ్చా?" అన్నాడు తాయాకే.

సిర్గా తలుపుని మూసి ఒకటి, ఎత్తి ఒకటి ఫొటో తీసుకుంది. ఎత్తి పట్టుకున్న చెయ్యి తాయాకేదే. కంప్యూటర్ ముందేసుకుని గుడారంలోనే పని మొదలుపెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మూడు గిన్నెల పాలు అయ్యాయి, పేజీ కూడా అయింది. ఆయన ఫోనుకి పంపింది.

తాయాకే బొటనవేలు ప్యాంటుకి తుడుచుకుని తలుపు మీద పెట్టాడు. తలుపు లేచింది. మరుక్షణం సైరా ఎజే గొంతు గుడారాన్ని నింపేసింది: "అన్నా! కిదిర్ అన్నా! మొదటి పిలుపు నీకే! నువ్వు వచ్చి కూర్చుంటేనే నా ఇల్లు ఇల్లవుతుంది!"

బయట గుర్రం ఉలిక్కిపడి కట్టుకొయ్య పీకేసింది.

తాయాకే మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి వినబోయి, ముక్కు చీదుకుని, "ఇది మా సైరాయే," అన్నాడు. "ఇంత దూరానికి దానికి ఫోనెందుకు, గడప మీద నిలబడి పిలిస్తే సరిపోయేది. సరే, వస్తానని చెప్పండి. గుర్రం మాత్రం ఏమంటుందో నాకు తెలియదు, ముందు దాన్ని పట్టుకోవాలి."

గుర్రాన్ని పట్టుకోవడానికి ముగ్గురూ బయటికొచ్చేసరికి దడి దగ్గర ఆరుగురు అపాలు, అంటే ఊరి ముసలమ్మలు, వరసగా నిలబడి ఉన్నారు. చేతుల్లో ఫోన్లు. ఊళ్ళో మనుషులందరూ ఫోన్లు దాచుకోవడమే చూసిన సిర్గాకి ఈ దృశ్యం కొత్త.

"వచ్చావా ఇషెన్!" అంది ముందున్న అపా. "పోయిన నెల అటు వీధి పెళ్ళి చూపించావు. ఈసారి ఎవరిది? కానివ్వు, పరీక్షించుకో."

ప్రతి శుక్రవారం కొట్టు మూసేసి పిచ్చిగా ఫోన్ల కోసం తిరుగుతాడని బజారంతా చెప్పుకునేది ఇలాంటి పల్లెలకన్నమాట. సిర్గా నిలబడి చూసింది. ఆయన ఒక్కో ఫోనూ తీసుకుని, "ఎన్నో వెర్షను? ఆహా!" అంటూ అక్షరాలు పెద్దవి చేశాడు, నిండిపోయినది ఖాళీ చేశాడు. ఆడినవి ఆడాయి. ఒక అపా ఫోనులో ఎంతసేపటికీ ఏమీ రాలేదు. "ఎండ పడుతోంది అపా, ఇటు నీడలోకి రండి," అంటూ ఆమెని తిప్పాడు. ఆ తిరగడంలో ఆమె చేతిలోకి ఆయన సొంత ఫోను వచ్చింది. పిలుపు విని, కళ్ళు తుడుచుకుని ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి ఎవరి ఫోను వాళ్ళ చేతిలోనే ఉంది.

"నా ఫోనుకేం, రాయిలా ఉంది!" అంది ఆమె పక్కావిడతో. "నీది కొత్తదేగా, చక్రమే తిరుగుతోంది!"

సిర్గా గబుక్కున నవ్వేసింది. నవ్వు బయటికి వినబడిందని తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతూ నిలబడితే ఎలా?" అన్నాడు ఇషెన్ బైకే. "ఆ చివరి అపాది నువ్వు చూడు."

చివరి అపా బాగా ముసలిది. ఆమె ఫోను వెనక మూతే లేదు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఒక మడత పెట్టిన రుమాలు ఉంది. "ఆడుతోందా బిడ్డా? మావాళ్ళు పారెయ్యమంటున్నారు."

సిర్గా ఇషెన్ బైకే వంక చూసింది. ఆయన కొండల వంక చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఎందుకు పారేస్తారు అపా, మంచి ఫోను," అంది సిర్గా. పెద్దగానే అంది. "ఇటు రండి, ఎండ పడుతోంది." తన ఫోను తీసి ఆ అరచేతిలో పెట్టి, ఆ ముసలి వేలు పట్టుకుని తలుపు మీద ఆనించింది. తలుపు లేచింది. సైరా ఎజే కేకకి అపా రెండడుగులు వెనక్కి వేసి, "ఆఁ, వస్తానే, వస్తాను, అంత అరవకు!" అని ఫోనుకి జవాబు చెప్పింది.

ఆమె సంతోషంగా రుమాలు ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. వరస అయిపోయిందనుకుంటుండగా వీధి మలుపులోంచి ఇంకో అపా వగరుస్తూ వచ్చింది. "ఉండండి, ఉండండి, నాదీ చూడండి!" అంటూ చెయ్యి చాపింది. చేతిలో టీవీ రిమోటు.

ఇషెన్ బైకే దాన్ని మర్యాదగా రెండు చేతులతో అందుకుని, వెనక్కి తిప్పి, బొత్తాలన్నీ పరిశీలించాడు.

"దీనికి కొంచెం సమయం పడుతుంది అపా," అన్నాడు. "సిర్గా, నీ ఫోను ఇటివ్వు."